ఇంటి కంప్యూటరులో దూరిన స్పైవేరును తొలగించడం, స్టార్టప్ జాబితాను అదుపులో పెట్టుకోవడం

తిరుపతి బైరాగిపట్టెడలో మా వెనక వీధిలో ఉండే ఒక ఉపాధ్యాయురాలు ఒకనాటి సాయంత్రం నన్ను పిలిచి, “అన్నా, స్విచ్చి వేసి కాఫీ కలుపుకొని వచ్చినా ఇంకా తిరగతానే ఉండాది. నడమ నడమ నల్ల పెట్టె ఒకటి తెరుచుకొని రెప్పపాటులో మూసుకుంటాది. ఫార్మాట్ కొట్టించేస్తే సరిపోతుందా?” అని అడిగారు. కంప్యూటరు పాతబడితే నెమ్మదించడం సహజమే గాని, ఎవరూ ఏమీ తెరవకుండానే నల్లటి కమాండ్ కిటికీ మెరిసి మాయం కావడం మామూలు విషయం కాదు. ఫార్మాట్ చివరి మందు. దానికి ముందు ఇంట్లోనే, డబ్బు ఖర్చు లేకుండా చేసుకోగలిగిన పని చాలా ఉంది. విండోస్ 10, 11 ఉన్న కంప్యూటర్లను దృష్టిలో పెట్టుకొని ఆ పనిని వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి అర్థం చేసుకోవాలి. స్పైవేరు అంటే మన కంటికి కనబడకుండా నడుస్తూ, బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులను, మనం కొట్టే అక్షరాలను, తెర మీది బొమ్మలను బయటి వాళ్లకు చేరవేసే ప్రోగ్రాము. కంప్యూటరును రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ మెమరీలో నడుస్తున్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి, అది మళ్లీ లేవాలంటే విండోస్ లేచేటప్పుడు తననూ లేపమని ఎక్కడో ఒకచోట పేరు రాయించుకొని ఉండాలి. ఆ పేర్లు రాసుకునే చోట్లనే మనం స్టార్టప్ అంటున్నాం. అందుకే స్పైవేరును తొలగించడం, స్టార్టప్‌ను సరిచేయడం రెండు వేర్వేరు పనులని నేను అనుకోను. స్కాన్ చేసి ఊరుకుంటే కొమ్మలు నరికి వేరు వదిలినట్లే అవుతుంది, వారం తిరిగేసరికి మళ్లీ చిగురిస్తుంది.

మొదట చేయవలసినవి

అనుమానం రాగానే ఇంటర్నెట్ కనెక్షన్ తీసేయండి. వైఫై ఆపేస్తే చాలు, కేబుల్ అయితే ఊడదీయాలి. ఆ తర్వాత ఇంట్లోని ఫొటోలు, సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. ఫొటోలు, పీడీఎఫ్‌లు, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు మాత్రమే తీసుకోవాలి. డౌన్‌లోడ్స్ ఫోల్డరులో పడి ఉన్న సెటప్ ఫైళ్లను దయచేసి వెంట తెచ్చుకోకండి, దొంగ వాటిలోనే ఉండవచ్చు.

ఇక పాస్‌వర్డుల సంగతి. చాలామంది కంప్యూటరు బాగైన తర్వాత మార్చుకుందాంలే అనుకుంటారు. అది పొరపాటు. ఇప్పటి స్పైవేరులో ఒక రకం ఉంది, అది కొద్ది నిమిషాల్లోనే బ్రౌజరులోని పాస్‌వర్డులను, లాగిన్ అయి ఉన్నట్టు గుర్తుపెట్టుకొనే కుకీలను ఊడ్చుకొని పోయి, తన ఫైలును తానే చెరిపేసుకుంటుంది. అలాంటప్పుడు ఎంత వెతికినా కంప్యూటరులో ఏమీ దొరకదు. కాబట్టి కంప్యూటరును బాగుచేయడం మొదలుపెట్టకముందే, బాగున్న ఫోనులోనుంచి మొదట ఈమెయిల్ పాస్‌వర్డు, తర్వాత బ్యాంకు పాస్‌వర్డు మార్చండి. ఈమెయిల్‌ను ముందు ఎందుకు చెబుతున్నానంటే, మిగతా ఖాతాలన్నింటి పాస్‌వర్డు మార్చే లింకులు వచ్చేది అక్కడికే. మార్చిన తర్వాత అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేసే ఏర్పాటు ప్రతి పెద్ద ఈమెయిల్ సేవలోనూ ఉంటుంది, దాన్ని తప్పక వాడండి. దొంగిలించిన కుకీ చేతిలో ఉన్నవాడికి ఓటీపీ అడ్డు రాదు. సైన్ అవుట్ చేస్తేనే ఆ కుకీ చెల్లకుండా పోతుంది. ఖాతాలోనుంచి డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ఇది చదవడం ఆపి, జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారకముందే ఆపించాలంటే ప్రతి నిమిషమూ విలువైనదే.

స్కాన్ చేసే పద్ధతి

విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఇంటి అవసరాలకు సరిపోతుంది. స్టార్ట్ మెనూలో ‘విండోస్ సెక్యూరిటీ’ అని వెతికి తెరిచి, ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’ లోకి వెళ్లండి. స్కాన్ బటన్ నొక్కే తొందరలో చాలామంది వదిలేసే ఒక చోటు అక్కడ ఉంది. ‘మేనేజ్ సెట్టింగ్స్’ నొక్కి కిందికి వెళితే ‘ఎక్స్‌క్లూజన్స్’ అనే భాగం కనబడుతుంది. అది స్కాన్ నుంచి మినహాయించిన ఫోల్డర్ల జాబితా. క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా వాడేలా తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేరు ఇచ్చేవాళ్లు యాంటీవైరస్ ఆపమని, ఫలానా ఫోల్డరును మినహాయించమని మనకే చెప్పి చేయిస్తారు. కొన్ని స్పైవేర్లు ఆ పనిని తామే చేసుకుంటాయి. సీ డ్రైవు మొత్తాన్నే మినహాయించిన కంప్యూటరును నేను చూశాను. రోజూ స్కాన్ జరుగుతోంది, రోజూ ఏ దోషమూ లేదని చెబుతోంది. కాబట్టి ఆ జాబితాలో మీరు స్వయంగా, తెలిసి చేర్చినవి తప్ప మిగతావన్నీ తీసేయండి. అదే పేజీలో ‘రియల్ టైమ్ ప్రొటెక్షన్’, ‘టాంపర్ ప్రొటెక్షన్’ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి.

ఇప్పుడు కాసేపు ఇంటర్నెట్ కలిపి, ‘ప్రొటెక్షన్ అప్‌డేట్స్’ తాజాపరచి, ‘స్కాన్ ఆప్షన్స్’ లో ‘ఫుల్ స్కాన్’ ఎంచుకోండి. పాత హార్డ్ డిస్కు ఉన్న కంప్యూటరులో దీనికి కొన్ని గంటలు పట్టవచ్చు. అది ముగిశాక అదే చోట ‘మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్’ కూడా చేయాలి. ఇందులో కంప్యూటరు రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే, అంటే స్పైవేరు కూడా లేవకముందే వెతుకుతుంది. సుమారు 15 నిమిషాల పని ఇది. కరెంటు పోయే వేళల్లో యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద మొదలుపెట్టకండి. ఫలితాలు ‘ప్రొటెక్షన్ హిస్టరీ’ లో ఉంటాయి. దొరికిన ప్రతిదాని పక్కన అది ఏ ఫోల్డరులో ఉండేదో కూడా రాసి ఉంటుంది. ఆ దారిని కాగితం మీద రాసుకోండి, స్టార్టప్ వెతికేటప్పుడు అది చాలా ఉపయోగపడుతుంది.

రెండో అభిప్రాయం కావాలంటే రెండు మార్గాలు చెబుతాను. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో ఎం, ఆర్, టి అనే మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే మైక్రోసాఫ్ట్ వారి మాల్వేర్ తొలగింపు సాధనం తెరుచుకుంటుంది. రెండోది భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం. దాని వెబ్‌సైటులో ఉచిత శుద్ధి సాధనాలు దొరుకుతాయి. వీటిని అవసరానికి నడిపి మూసేయవచ్చు గాని, ఎప్పుడూ కాపలా కాసే యాంటీవైరస్‌లను మాత్రం ఒకే కంప్యూటరులో రెండు పెట్టకండి. ఒకదానికొకటి అడ్డుపడి ఉన్న వేగం కూడా పోతుంది.

వేరు ఎక్కడుందో వెతకడం

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో స్టార్టప్ విభాగానికి వెళ్లండి. ఒక్కో ప్రోగ్రాము పేరు, దాన్ని తయారుచేసిన సంస్థ పేరు, అది ఆన్‌లో ఉందా లేదా అన్నది, స్టార్టప్ మీద దాని ప్రభావం ఎంత అన్నది వరుసగా కనబడతాయి. ఈ నాలుగింటితో ఆగకూడదు. పైనున్న శీర్షికల మీద మౌస్ కుడి బటన్ నొక్కి ‘కమాండ్ లైన్’ అనే గడిని కూడా చేర్చుకోండి. అసలు కథ ఆ గడిలోనే ఉంటుంది.

టీచరు గారి కంప్యూటరులో ఆ జాబితాలో 14 వరుసలున్నాయి. తయారీదారు పేరు లేని ప్రోగ్రామును అనుమానించాలని అందరూ చెబుతారు, నేనూ చెబుతాను. కానీ అక్కడ అలాంటిది ఒక్కటీ లేదు. పదకొండో వరుసలో ‘మైక్రోసాఫ్ట్ విండోస్ బేస్డ్ స్క్రిప్ట్ హోస్ట్’ అని ఉంది, తయారీదారు మైక్రోసాఫ్ట్ అనే ఉంది. చూసిన ఎవరైనా విండోస్‌కు చెందినదే కదా అని వదిలేస్తారు. అది నిజంగానే విండోస్‌కు చెందిన ప్రోగ్రామే. అయితే దాని పని ఏమిటంటే, చేతికిచ్చిన స్క్రిప్టును, అంటే ఆదేశాల జాబితాను చదివి అమలు చేయడం. కమాండ్ లైన్ గడిలో చూస్తే ఆ ప్రోగ్రాము పేరు తర్వాత, ప్రోగ్రాములు తమ సామాను దాచుకునే యాప్‌డేటా ఫోల్డరు లోపల అర్థం లేని అక్షరాల పేరున్న ఒక వీబీఎస్ (స్క్రిప్టు) ఫైలు దారి రాసి ఉంది. పల్లకీ మోసేవాడు మనవాడే, లోపల కూర్చున్నవాడు దొంగ. పవర్‌షెల్, రన్‌డీఎల్‌ఎల్, ఎంఎస్‌హెచ్‌టీఏ అనే పేర్లతో మొదలయ్యే వరుసలను కూడా ఇలాగే చూడాలి. విండోస్ సాధనం ఒకటి యాప్‌డేటాలోనో, టెంప్‌లోనో, పబ్లిక్ ఫోల్డరులోనో ఉన్న స్క్రిప్టును తెరుస్తున్నదంటే, అది మంచిదని తేలేవరకు చెడ్డదనే అనుకోండి. అలాగే ఎస్‌వీసీహోస్ట్ వంటి విండోస్ పేరు పెట్టుకొని, విండోస్ సొంత సిస్టమ్32, సిస్‌వావ్64 ఫోల్డర్లలో కాకుండా మరెక్కడో ఉన్న ఫైలు కూడా వేషగాడే.

ఆ వరుస మీద కుడి బటన్ నొక్కి ‘డిసేబుల్’ చేశాను. రీస్టార్ట్ చేసి చూస్తే అరగంటలో కొత్త పేరుతో మరో వరుస పుట్టుకొచ్చింది. ఇలా జరిగితే గాభరా పడవద్దు. రెండో వేరు ఇంకో చోట ఉందని దానర్థం. స్టార్ట్ మెనూలో ‘టాస్క్ షెడ్యూలర్’ (చెప్పిన వేళకు పనులను తనంతట తానే నడిపే విండోస్ సాధనం) అని వెతికి తెరిచి, ఎడమవైపు ‘టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ’ మీద నొక్కాను. బ్రౌజరు అప్‌డేటును తలపించే పేరుతో ఒక పని ఉంది. ‘ట్రిగ్గర్స్’ లో ప్రతి 30 నిమిషాలకు అని, ‘యాక్షన్స్’ లో అదే యాప్‌డేటా ఫోల్డరు దారి అని రాసి ఉంది. టీచరు గారికి కనబడిన నల్ల పెట్టె అదే. నిజమైన బ్రౌజరు అప్‌డేట్ పనులు కూడా అక్కడే ఉంటాయి కాబట్టి పేరు చూసి కాదు, యాక్షన్స్‌లోని దారి చూసి నిర్ణయించాలి.

తొలగించడంలో వరుస ముఖ్యం. మొదట ఇంటర్నెట్ తీసేయాలి. టాస్క్ మేనేజర్‌లో నడుస్తున్న ఆ స్క్రిప్టును ‘ఎండ్ టాస్క్’ చేయాలి. తర్వాత షెడ్యూలర్‌లోని పనిని, ఆ తర్వాత స్టార్టప్ వరుసను, చివరగా ఫైలును తీసేయాలి. ముందే ఫైలును తీసేస్తే, షెడ్యూలర్‌లో మిగిలిపోయిన పని దాన్ని మళ్లీ తెచ్చిపెట్టే అవకాశం ఉంటుంది. ఫైలు చెరిగిపోనని మొండికేస్తే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకొని ‘రీస్టార్ట్’ నొక్కండి. ‘ట్రబుల్‌షూట్’, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, ‘స్టార్టప్ సెట్టింగ్స్’ మీదుగా వెళ్లి మళ్లీ రీస్టార్ట్ చేసి, వచ్చిన జాబితాలో 4 నొక్కితే విండోస్ తన అవసరాల మేరకు మాత్రమే లేస్తుంది. తర్వాత సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్డ్ యాప్స్’ (విండోస్ 10లో ‘యాప్స్ అండ్ ఫీచర్స్’) జాబితాను తేదీ వారీగా పేర్చి, జబ్బు మొదలైన రోజుల్లో వచ్చి చేరిన తెలియని ప్రోగ్రాములను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఎవరో ఫోన్ చేసి సాయం చేస్తామని ఎక్కించిన, దూరం నుంచి కంప్యూటరును నడిపించే ప్రోగ్రాము ఏదైనా ఉంటే ముందు దాన్నే తీసేయాలి.

పై చోట్లలో దొరకనప్పుడు ఆటోరన్స్ అనే ఉచిత సాధనం వాడాలి. అది సిస్‌ఇంటర్నల్స్ అనే సంస్థ తయారుచేసినది, 2006లో ఆ సంస్థను మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది కాబట్టి ఇప్పుడు మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు), సర్వీసులు, డ్రైవర్లు, షెడ్యూలర్, అన్నీ అందులో ఒకేచోట కనబడతాయి. ‘ఆప్షన్స్’ లో మైక్రోసాఫ్ట్ వరుసలను దాచే గుర్తు పెట్టుకుంటే వందల వరుసలు పదుల్లోకి దిగుతాయి. పసుపు రంగు వరుస అంటే అది చెప్పిన ఫైలు అక్కడ లేదని, గులాబీ రంగు అంటే తయారీదారు సంతకం లేదని అర్థం. గులాబీ రంగున్నదల్లా చెడ్డది కాదు, చిన్న సంస్థల ప్రింటర్ సాఫ్ట్‌వేర్లు కూడా అలాగే కనబడతాయి. అందుకే ఇక్కడ ఏదీ వెంటనే డిలీట్ చేయకుండా, ముందున్న టిక్కు మాత్రం తీసి, రెండు రోజులు కంప్యూటరును వాడి చూడండి. టిక్కు మళ్లీ పెట్టుకోవచ్చు, డిలీట్ చేసినదాన్ని తెచ్చుకోవడం కష్టం.

బ్రౌజరును కూడా చూడనిదే పని పూర్తి కాదు. ఎక్స్‌టెన్షన్ల జాబితాలో మీకు తెలియనివి, అక్కరలేనివి తీసేయండి. తెర మూలన ‘మీ కంప్యూటరులో 5 వైరస్‌లు ఉన్నాయి’ అని బెదిరించే పెట్టెలు వస్తుంటే, చాలాసార్లు అది వైరస్ కాదు. ఏదో వెబ్‌సైటుకు మనం ‘అలో’ నొక్కి ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి. బ్రౌజరు సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల విభాగంలో ఆ వెబ్‌సైటును తీసేస్తే ఆగిపోతుంది. విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ‘ప్రాక్సీ’ (మన ఇంటర్నెట్ రాకపోకలను మధ్యలో మరో కంప్యూటరు గుండా పంపే ఏర్పాటు) కింద మీరు పెట్టని చిరునామా ఉంటే ఆపేయండి.

మిగిలిన స్టార్టప్ జాబితా

దొంగ పోయాక మిగిలేవి మంచివే గాని, అన్నీ పొద్దున్నే లేవనక్కరలేదు. టాస్క్ మేనేజర్‌లో ‘హై’ అని ఉన్నది స్టార్టప్ సమయంలో ఒక సెకనుకు మించి ప్రాసెసర్‌ను గాని, 3 ఎంబీకి మించి డిస్కును గాని వాడుకున్నదని అర్థం. 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు ఉన్న పాత కంప్యూటరులో అలాంటివి నాలుగైదు ఒకేసారి లేస్తే, దుకాణం షట్టరు ఎత్తగానే అందరూ ఒక్కసారి తోసుకొచ్చినట్లే ఉంటుంది. చాటింగ్, వీడియో కాల్, ఆటల ప్రోగ్రాములు, ఎప్పుడో ఒకసారి వాడే ప్రింటర్ సహాయకాలు డిసేబుల్ చేయండి. డిసేబుల్ చేస్తే ప్రోగ్రాము పోదు, మనం తెరిచినప్పుడే లేస్తుంది. విండోస్ సెక్యూరిటీ గుర్తు, సౌండ్, టచ్‌ప్యాడ్ డ్రైవర్లకు చెందినవి అలాగే ఉంచండి. వన్‌డ్రైవ్‌లో మీ ఫైళ్లు దాచుకుంటున్నట్లయితే దాన్నీ ఉంచాలి. ఒకేసారి పది ఆపేయకుండా రోజుకు మూడు చొప్పున ఆపితే, ఏదైనా తేడా వచ్చినప్పుడు కారణం సులువుగా దొరుకుతుంది.

ఆపిన తర్వాత పరీక్షించడానికి ‘షట్ డౌన్’ కాకుండా ‘రీస్టార్ట్’ నొక్కండి. ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఆన్‌లో ఉన్నప్పుడు షట్ డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం కొంత డిస్కులో దాచుకొని మళ్లీ దానితోనే లేస్తుంది. రీస్టార్ట్‌లోనే అంతా కొత్తగా మొదలవుతుంది. టీచరు గారి జాబితాలో 14లో 5 మాత్రమే మిగిల్చాము. కాఫీ కలుపుకొనేంత సేపు పట్టేది ఒకటిన్నర నిమిషానికి దిగింది.

ఫార్మాట్ ఎప్పుడు, మళ్లీ రాకుండా ఏం చేయాలి

ఇంత చేసినా డిఫెండర్ తనంతట తాను ఆగిపోతుంటే, తీసేసినవి మూడోసారి కూడా తిరిగి వస్తుంటే, లేదా బ్యాంకు ఖాతాలోనుంచి డబ్బు పోయి ఉంటే ఆ విండోస్‌ను ఇక నమ్మకండి. సెట్టింగ్స్‌లో ‘రికవరీ’ కింద ‘రీసెట్ దిస్ పీసీ’ లో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’, ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ ఎంచుకోండి. మైక్రోసాఫ్ట్ నుంచి తాజా విండోస్ దిగుతుంది. దీనికి నాలుగు జీబీకి పైగా డేటా అవసరం కావచ్చు. వీధి చివర షాపులో పెన్‌డ్రైవ్‌తో ఎక్కించే క్రాక్ విండోస్ కన్నా ఇదే నయం. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి కాబట్టి, కంప్యూటరు ఒప్పుకుంటే ఈ సందర్భంలోనే 11కు మారడం మంచిది.

స్పైవేరు ఎలా వచ్చిందో తెలుసుకోకుండా వదిలేయకూడదు. మన ఊళ్లో నేను చూసినంతలో రెండు దారులు ఎక్కువ. ఒకటి తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరు క్రాక్. ప్రశ్నపత్రాలు, పెళ్లి పత్రికలు టైపు చేసుకోవాలని ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో ఎక్కించుకుంటారు. దానికి అవసరమే లేదు. 2019 మే అప్‌డేటు నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. సెట్టింగ్స్‌లో భాషల విభాగంలో తెలుగు చేర్చుకొని కీబోర్డుగా దాన్ని ఎంచుకుంటే, ఇంగ్లిషు అక్షరాల్లో ‘అమ్మ’ అని కొట్టగానే తెలుగులో వస్తుంది. రెండోది దర్శనం టికెట్లు. కోటా విడుదలయ్యే రోజున వివరాలు చకచకా నింపిపెడతామని చెప్పే సాధనాలను బంధువుల కోసం దింపుకుంటారు. టీచరు గారింట్లో జరిగింది అదే. కడప నుంచి వచ్చే ఆడపడుచు కుటుంబానికి రూ.300 టికెట్లు తీయాలని, ఏదో వెబ్‌సైటు నుంచి దింపిన ఫైలు తెరిచారు. ఫైలు పేరు చివర పీడీఎఫ్ అని కనబడింది గాని, దాని తర్వాత దాగిన అసలు తోక ఈఎక్స్‌ఈ, అంటే అది కాగితం కాదు, ప్రోగ్రాము. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’, ‘షో’ (విండోస్ 10లో ‘వ్యూ’ మాత్రమే) మీదుగా వెళ్లి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఆన్ చేసి పెట్టుకుంటే ఆ తోక ఎప్పుడూ కనబడుతుంది. నకిలీ వెబ్‌సైట్ల గురించి టీటీడీ పలుమార్లు హెచ్చరించింది. అధికారిక చిరునామా చివర ‘ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్’ అని ఉంటుంది. టికెట్లు తీయడానికి ఆ వెబ్‌సైటు, ఒక బ్రౌజరు తప్ప మరే ప్రోగ్రామూ అక్కరలేదు.

ఇంట్లో పిల్లలు వాడే ఖాతాను అడ్మినిస్ట్రేటర్‌గా కాకుండా ‘స్టాండర్డ్ యూజర్’ గా మార్చండి. ఏదైనా కంప్యూటరంతటికీ ఎక్కాలంటే అప్పుడు పెద్దల పాస్‌వర్డు అడుగుతుంది. విండోస్ సెక్యూరిటీలో ‘యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్’ కింద అక్కరలేని యాప్‌లను అడ్డుకొనే ఏర్పాటు ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి.

చివరగా, అంతా శుభ్రమైన రోజున స్టార్టప్ జాబితాను, టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీని ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. నెలకొకసారి కరెంటు బిల్లు కట్టేటప్పుడు ఆ ఫొటోను, తెరను పక్కపక్కన పెట్టి చూడండి. కొత్త వరుస కనబడితే అది ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఎక్కించారో ఇంట్లో అడగండి. ఎవరూ చెప్పలేకపోతే కమాండ్ లైన్ గడి తెరవండి.